రిమోట్ వెట్‌ల్యాబ్‌లో శుక్లం ఆపరేషన్ నేర్పడం: సైబర్‌సైట్ నుంచి మేకకన్ను దాకా ఒక సమీక్ష

క్రెసెంట్ బ్లేడు (కంటి పొరల మధ్య దారి చేసే చిన్న కత్తి) పట్టిన పీజీ చేయి సెకనుకి రెండు మిల్లీమీటర్ల చొప్పున కదులుతోందనుకుందాం. కర్నూలులో కదిలిన చేయి హైదరాబాద్‌లో మేడమ్ తెర మీద కనపడడానికి పావు సెకను పట్టింది. ఆవిడ "ఆగమ్మా" అన్న మాట వెనక్కి వచ్చి స్పీకర్లో వినపడడానికి ఇంకో పావు. ఈ అర సెకనులో బ్లేడు ఒక మిల్లీమీటరు ముందుకి పోయింది. స్మాల్ ఇన్సిషన్ శుక్లం ఆపరేషన్‌లో (ఎస్ఐసీఎస్) టనెల్, అంటే శుక్లం బయటికి రావడానికి చేసే సొరంగం లాంటి దారి, క్లియర్ కార్నియాలోకి (నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోకి) వెళ్ళాల్సిందే ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు. "ఆగు" వినపడేసరికి ఆగాల్సిన చోటు దాటిపోయింది. మేడమ్ తప్పు గమనించడానికి, అమ్మాయి విని చేయి ఆపడానికి పట్టే సమయం ఇందులో కలపనేలేదు.

దూరం నుంచి కంటి సర్జరీ నేర్పే ఏర్పాటు ఏదైనా సరే, మా తూకం ఈ లెక్కతోనే మొదలవుతుంది. ప్లాట్‌ఫాం పేరేమిటి, తెర ఎన్ని అంగుళాలు అన్నవి తర్వాతి సంగతులు. ఈ సమీక్ష ముఖ్యంగా రెండింటి మీద: ఉచితంగా దొరికే ఆన్‌లైన్ శిక్షణ వేదిక సైబర్‌సైట్, డిపార్టుమెంట్లు సొంతంగా కూర్చుకునే రిమోట్ వెట్‌ల్యాబ్ (జంతువుల కళ్ళ మీద సాధన చేసే గది, గురువు తెర అవతల).

సైబర్‌సైట్‌ని నడిపేది ఆర్బిస్. విమానంలోనే ఆపరేషన్ థియేటర్ పెట్టుకుని దేశదేశాలు తిరిగే సంస్థ ఇది. 1982లో డీసీ-8తో మొదలైంది, 2016 నుంచి ఎండీ-10 వాడుతోంది. ఆ విమానంలో 46 సీట్ల తరగతి గది ఉంది. వెనక థియేటర్‌లో జరిగే ఆపరేషన్‌ని ముందు గదిలో కూర్చున్న డాక్టర్లు తెర మీద చూస్తూ సర్జన్‌ని ప్రశ్నలడగొచ్చు. ఒక గోడ అవతలి నుంచి నేర్పడం కూడా దూరశిక్షణే కదా. 2003లో మొదలైన సైబర్‌సైట్ ఆ గోడని ఇంకాస్త దూరం జరిపింది.

అందులో రికార్డు చేసిన ఉపన్యాసాలు, ఆపరేషన్ వీడియోలు, లైవ్ సెషన్లు, చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులు, కష్టమైన కేసుని పెట్టి నిపుణుల్ని అడిగే సౌకర్యం ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు. కేసు అడిగే సౌకర్యాన్ని మనవాళ్ళు తక్కువగా వాడుకుంటారని మా అనుమానం. వాడేవాళ్ళు కూడా "ఏం చెయ్యమంటారు?" అని ఒక్క ముక్క రాసి పంపితే జవాబు కూడా అంతే పలచగా వస్తుంది. చూపు, రిఫ్రాక్షన్, కంటి ప్రెషర్, రెండు కళ్ళ ఫొటోలు, మీరు అనుకుంటున్న ప్లాను, దాంట్లో మీకు అనుమానం ఉన్న ఒక్క అంశం, ఇవి పెట్టి అడగండి. "ఈ మెల్లకన్నుకి కుడి మీడియల్ రెక్టస్ ఒక్కటీ చాలా, రెండూ వెనక్కి జరపాలా?" అన్నట్టు ఉండాలి ప్రశ్న. రోగి పేరు, ఓపీ నంబరు ఫొటోలో ఎక్కడా కనపడకూడదు. స్కాన్ ప్రింటవుట్ పైమూలలో పేరుంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు.

చేతిపని నేర్పడంలో సైబర్‌సైట్ విలువ వెట్‌ల్యాబ్‌కి ముందురోజు రాత్రి దాకానే. ఆపరేషన్ వీడియోని సినిమాలా చూసి పడుకుంటే పొద్దునకి ఏమీ మిగలదు. టనెల్ మీద ఉన్న వీడియోని మూడుచోట్ల ఆపి, కాగితం మీద కొలతలతో బొమ్మ గీసుకుని రమ్మనండి. లింబస్ గీత (నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోటు), దానికి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు వెనకగా ఏడుపు మొహం మూతిలా వంపు తిరిగిన గాటు, పొడవు ఆరు నుంచి ఏడు, లోతు స్క్లీరా (తెల్లగుడ్డు పొర) మందంలో సగం, లోపలి పెదవి (టనెల్ కంట్లోకి తెరుచుకునే అంచు) బయటికంటే వెడల్పు. గీయలేని పీజీ మర్నాడు కొయ్యలేరు. ఈ గీత పరీక్ష వాళ్ళ ఆన్‌లైన్ క్విజ్ కంటే కచ్చితంగా పనిచేస్తుంది.

ఇక రిమోట్ వెట్‌ల్యాబ్. చాలాచోట్ల జరిగేది ఇదీ: మైక్రోస్కోపు ఐపీస్‌కి ఎవరిదో ఫోను ఆనించి, వీడియో కాల్ కలిపి, అవతల సార్ "బాగుందమ్మా, కానివ్వు" అంటారు. సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో. అది శిక్షణ కాదు, హాజరు.

కెమెరా దగ్గర్నుంచి మొదలుపెడదాం. మైక్రోస్కోపుకి బీమ్ స్ప్లిటర్ (వెలుగులో కొంత కెమెరా వైపు మళ్ళించే భాగం), దానికి సీ-మౌంట్ అడాప్టరు, దానిమీద 1080పీ హెచ్‌డీఎంఐ కెమెరా, అక్కణ్ణుంచి క్యాప్చర్ కార్డు మీదుగా ల్యాప్‌టాప్‌కి. ఫోను అడాప్టరే దిక్కయితే సర్జన్ ఐపీస్‌కి కాకుండా అసిస్టెంట్ స్కోపుకి బిగించండి. సర్జన్ ఐపీస్ ఒకటి ఫోనుకి ఇచ్చేస్తే పీజీ ఒంటికన్నుతో పనిచేయాల్సి వస్తుంది, లోతు తెలియదు. ఎక్స్‌పోజర్ ఆటోలో వదలకండి. నల్లటి కనుపాప కోసం కెమెరా వెలుగు పెంచుకుంటూ పోయి స్క్లీరాని సున్నం గోడలా చేసేస్తుంది. గాటు అంచు, బ్లేడు నీడ అన్నీ ఆ తెలుపులో మాయం. మాన్యువల్‌లో పెట్టి, స్క్లీరా మీది సన్న రక్తనాళాలు కనపడేదాకా తగ్గించండి. ఫోకస్ ఇంకో తలనొప్పి. పీజీకి స్పష్టంగా ఉన్నది తెర మీద మసగ్గా ఉంటుంది. పీజీ ఐపీస్ మీది డయాప్టర్ రింగుని తన కంటి పవరుకి సరిచేసుకున్నాక, ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో లింబస్ మీద ఫోకస్ పెట్టి, అప్పుడు కెమెరా అడాప్టరు తిప్పాలి. తర్వాత మాగ్నిఫికేషన్ తగ్గించినా రెండూ కలిసే ఉంటాయి.

రిజల్యూషన్ ఎంత కావాలన్నది వాదనల్లో తేలేది కాదు, లెక్కేసుకుంటే తేలుతుంది. కంటికి కుట్లు వేసే 10-0 నైలాన్ దారం మందం 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్ల లోపు. తెర అడ్డంగా 20 మిల్లీమీటర్ల జాగా చూపిస్తోందనుకోండి. 1920 పిక్సెళ్ళలో మిల్లీమీటరుకి 96 వస్తాయి, దారం రెండు పిక్సెళ్ళకి కాస్త పైన. 1280కి దిగితే ఒకటిన్నర. నెట్ మందగించి వీడియో 640కి పడిపోతే పిక్సెల్ కూడా రాదు. ముడి వేస్తున్న చేతులు కనపడతాయి, దారం కనపడదు. సార్ అవతల మర్యాదకి తలాడిస్తూ ఉంటారు. అందుకే కుట్టు నేర్పే రోజు మాగ్నిఫికేషన్ పెంచి, తెర మీద 12 మిల్లీమీటర్లకి మించి కనపడకుండా చూసుకోవాలి.

జూమ్‌లో మైక్రోస్కోపు బొమ్మని వెబ్‌క్యామ్‌గా ఇవ్వకండి. నెట్ తగ్గగానే మొదట కోత పడేది వెబ్‌క్యామ్ వీడియోకే. ఓబీఎస్‌లో (వీడియోలు కలిపి చూపించి రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి స్క్రీన్ షేర్ చేయండి. షేర్ చేసేటప్పుడు వీడియో కోసం సర్దే టిక్కు ఒకటుంటుంది. అది పెడితే కదలిక సాఫీగా ఉంటుంది, అంచులు కొద్దిగా మెత్తబడతాయి. తీసేస్తే బొమ్మ పదునుగా ఉంటుంది, కదలిక గతుకుతుంది. టనెల్‌కీ రెక్సిస్‌కీ (లెన్స్ ముందు పొరని గుండ్రంగా చింపి తీయడం) పెట్టాలి, కుట్లకి తీసేయాలి. అప్‌లోడ్ వేగం ఒక్కో 1080పీ వీడియోకి 4 ఎంబీపీఎస్ దాకా లాగుతుంది. స్పీడ్ టెస్టులో పెద్దక్షరాలతో కనపడే డౌన్‌లోడ్ అంకె మనకి అక్కర్లేదు, దాని పక్కన చిన్నగా ఉండే అప్‌లోడ్ చూడాలి. వైఫై వద్దు, కేబుల్ వేయించండి.

ఆలస్యం ఎంతుందో మొదలుపెట్టే ముందే కొలవాలి. ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి మైక్రోస్కోపు కింద పెట్టండి. అవతలివాళ్ళు తమ తెరని ఇంకో కెమెరాతో తిరిగి మనకే చూపించాలి. ఇక్కడ అసలు స్టాప్‌వాచ్, తిరిగొచ్చిన స్టాప్‌వాచ్ రెండూ ఒకే ఫొటోలో పడేట్టు తీస్తే, తేడాయే రానుపోను ఆలస్యం. అర సెకను దాటితే ఆరోజు చేతిపని మానేసి కేసుల చర్చ పెట్టుకోవడం మేలు. పీజీ చెవిలో బ్లూటూత్ పెడితే అదింకొంత ఆలస్యం కలుపుతుంది. ఒక చెవికి వైరున్న ఇయర్‌ఫోన్ చాలు, రెండో చెవి గదిలో మాటలకి ఖాళీగా ఉండాలి.

రెండో కెమెరా చేతులకి. మా దృష్టిలో ఇది మైక్రోస్కోపు కెమెరా తర్వాతిది కాదు, దానితో సమానం. తెర మీద బ్లేడు కొన మాత్రమే కనపడుతుంటే తప్పు ఫలితం తెలుస్తుంది గానీ కారణం తెలియదు. కారణం మణికట్టు దగ్గర ఉంటుంది. చిటికెనవేలు నుదుటి మీద ఆనకుండా గాల్లో ఉంది, మోచేయి పక్కటెముకలకి దూరంగా ఎగిరింది, బ్లేడు హ్యాండిల్‌ని పెన్నులా కాకుండా చెంచాలా పట్టుకుంది. ఇవన్నీ పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టిన మామూలు వెబ్‌క్యామ్‌కి దొరుకుతాయి. ఓబీఎస్‌లో మైక్రోస్కోపు బొమ్మ పెద్దగా, చేతుల బొమ్మ కింద కుడిమూల చిన్నగా పెట్టి ఒకే తెరగా పంపండి. రెండు వేర్వేరు కాల్స్ పెడితే రెండింటి ఆలస్యం వేర్వేరుగా ఉంటుంది. చేయి కదిలాక కొన కదులుతుందో, కొన కదిలాక చేయి కదులుతుందో అర్థం కాని మాయలో పడతారు.

కళ్ళ విషయానికి వస్తే, మన దగ్గర సులువుగా దొరికేది మేకకన్ను. మటన్ షాపుకి ముందురోజే చెప్పి, చుట్టూ కండ కొంత వదిలి తీయమనాలి. పూర్తిగా చెక్కేసి ఇస్తే గుండుసూదులు గుచ్చడానికి పట్టు ఉండదు. సెలైన్‌లో తడిపిన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. 24 గంటల్లోపు వాడేయాలి, ఆలోపే కార్నియా మసకబారడం మొదలవుతుంది. మసకబారితే గ్లిసరిన్ చుక్క వేసి రెండు నిమిషాలు ఆగితే కొంత తేరుకుంటుంది. మెత్తబడ్డ కన్నుకి ఆప్టిక్ నర్వ్ మొదట్లోంచి 26 గేజ్ సూదితో సెలైన్ ఎక్కించి గట్టిపరచాలి. ఇక్కడ అత్యుత్సాహం పనికిరాదు. రాయిలా చేస్తే ముందు గది (కార్నియా వెనక నీరుండే జాగా) కుంచించుకుపోయి, లెన్స్ ముందుకి తోసుకొచ్చి, రెక్సిస్ మొదలుపెట్టగానే చీలిక అంచుకి పరుగెడుతుంది. వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి.

థర్మోకోల్ ముక్కలో గుంట చేసి నాలుగు సూదులతో కన్ను బిగిస్తే చాలని చాలామంది అనుకుంటారు. దాన్ని బల్లమీద పరిచి చేస్తే చేతులకి తప్పుడు అలవాటు పడుతుంది. నిజమైన మనిషికి కనుబొమ్మ ఎముక ఉంటుంది, చేతులు నుదుటిమీద ఆనాలి. బొమ్మ తలకాయలో పెట్టండి. దొరక్కపోతే థర్మోకోల్ ముక్కకి పైవైపు నుదురంత ఎత్తున చుట్టిన తువ్వాలు కట్టండి. ఒక్కో పీజీకి సెషన్‌కి మూడు కళ్ళు సరిపోతాయి. తాజా కన్నులో చిన్న సైడ్ పోర్ట్ (పరికరం దూరేంత సన్న గాటు) చేసి ముందు రెక్సిస్ చేయించండి, కార్నియా స్వచ్ఛంగా ఉన్నప్పుడే అది కుదురుతుంది. తర్వాత అదే కన్నులో సైడ్ పోర్ట్ లేని వైపుల్లో ముందు గదిలోకి పోకుండా రెండు మూడు టనెల్స్ చేయించవచ్చు, చివర్లో వాటినే కుట్టించవచ్చు.

ఈ సామాను మళ్ళీ మనుషుల ఓటీలోకి పోకూడదు. మైక్రోస్కోపు, ఫోర్సెప్స్, సిమ్కో క్యాన్యులా అన్నీ వెట్‌ల్యాబ్‌వే అయ్యుండాలి. వాడిన కళ్ళు 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకి, బ్లేడులూ సూదులూ గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి.

ఇప్పుడు అసలు విషయం, మాట. ఎదురుగా కూర్చున్న గురువు చేయి పట్టుకుని ఆపుతారు. తెర అవతలి గురువుకి మాట ఒక్కటే ఉంది, అదీ ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి కదలికని సరిదిద్దే పద్ధతి ఇక్కడ నడవదు. కదలికకి ముందే చెప్పాలి, చెప్పినంతే కదలాలి, ఆగాలి, ఏం కనపడుతోందో పీజీయే చెప్పాలి, అప్పుడు తర్వాతి మాట. క్రెసెంట్ బ్లేడు వెడల్పు సుమారు రెండు రెండున్నర మిల్లీమీటర్లు, అదే మన కొలకర్ర.

"ఎక్కడున్నావమ్మా?"

"లింబస్ దగ్గరున్నాను మేడమ్. బ్లేడు లీలగా కనపడుతోంది."

"బ్లేడు మడమ దించు, కొన లేవాలి. అర బ్లేడు వెళ్ళి ఆగు."

"ఆగాను మేడమ్."

వినడానికి నత్తనడకలా ఉంటుంది. మొదటి టనెల్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది. అయినా అర సెకను ఆలస్యం ఇందులో ఎవరినీ ఏమీ చేయలేదు, ఎందుకంటే మాట ప్రయాణం చేసేటప్పుడు బ్లేడు నిలబడి ఉంది. ఎడమ, కుడి అన్న మాటలు పూర్తిగా నిషేధం. కెమెరా ఎలా తిరిగి ఉందో, ఎవరి ఎడమ అన్నదో తేలేలోగా కోత పడుతుంది. గడియారం అంకెలే వాడాలి. మొదట్లోనే పీజీ 12 గంటల దగ్గర ఫోర్సెప్స్ పెట్టి చూపించాలి, అవతలి తెరమీద కూడా అది 12 దగ్గరే కనపడాలి. "తియ్యి" అంటే పరికరం కంట్లోంచి బయటికి, "ఆగు" అంటే ఉన్నచోటే. ఈ రెండూ కలగాపులగం అయితే ప్రమాదం. సగం లోపల ఉన్న బ్లేడుని ఆగమంటే లాగేసేవాళ్ళు ఉంటారు.

తెరమీద లోతు తెలియదు కదా, రెండు కళ్ళతో చూసేది ఒక కెమెరాకి ఎలా దొరుకుతుంది అన్నది న్యాయమైన ప్రశ్న. టనెల్ వరకు దీనికి చక్కటి జవాబుంది. సరైన లోతులో ఉన్న బ్లేడు పై పొరలోంచి లీలగా కనపడుతుంది. లోహం మెరుపుతో సహా స్పష్టంగా కనపడుతోందంటే పైపైన పోతోంది, ఇంకొంచెం ముందుకెళ్తే టనెల్ కప్పుకి చిల్లు. అసలు కనపడటం లేదంటే లోతుకి దిగింది. ఈ గుర్తుకి ఒక కెమెరా చాలు. అందుకే రిమోట్‌లో అన్నిటికంటే బాగా నేర్పగలిగింది టనెలే అని మా అభిప్రాయం.

చిల్లు పడితే అదే లోతులో ముందుకి నెట్టకూడదు, చిల్లు పెద్దదవుతుంది. టనెల్ రెండో కొసనుంచి ఇంకాస్త లోతైన పొర పట్టుకుని రావాలి. ముందే గదిలోకి పొడుచుకుపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. లింబస్ దగ్గర కార్నియా వంపు స్క్లీరా కంటే ఎక్కువగా లేస్తుంది, బ్లేడు కొన ఆ వంపుతో లేవలేదు. తెరమీద నీరు ఊరడం, కన్ను చప్పగా పడడం కనపడుతుంది. మొదటి గాటే పూర్తి మందం దిగిపోతే టనెల్ అడుగు విడిపోతుంది, ఇది నిజమైన కంట్లో అయితే కుట్లు పడాల్సిందే. కెరటోమ్‌తో (మొనదేలిన చిన్న కత్తి) లోపలికి దిగేటప్పుడు కొన దగ్గర కార్నియాలో చిన్న గుంట కనపడిందా లేదా అని పీజీచేత చెప్పించాలి. వెడల్పు చేసేటప్పుడు లోపలికి తోస్తూ కొయ్యాలి, బయటికి లాగుతూ కాదు. లోపలి పెదవి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా రాకపోతే న్యూక్లియస్ (లెన్స్ నడిమి గట్టి భాగం) అక్కడ ఇరుక్కుని, లాగినకొద్దీ కార్నియా లోపలి పొరని గీరుతుంది.

రెక్సిస్ రిమోట్‌లో సగమే కుదురుతుంది. మేక లెన్స్ క్యాప్సూల్ (లెన్స్ చుట్టూ ఉండే పొర) మందంగా, రబ్బరులా సాగుతుంది, పెద్ద వయసు రోగి క్యాప్సూల్ అలా ఉండదు. పైగా కంటి వెనకనుంచి వచ్చే ఎర్ర మెరుపు సరిగా రాదు, పొరకి రంగు పట్టించే ట్రిపాన్ బ్లూ వేయక తప్పదు. ఇంకో చిక్కు: మేక కంటిపాప అడ్డంగా పలకలా ఉంటుంది. పాప అంచు చూసి గుండ్రం గీసే అలవాటున్నవాళ్ళు ఇక్కడ కోడిగుడ్డు గీస్తారు. కార్నియా మీద ఆరు మిల్లీమీటర్ల రింగు మార్కరు ముద్ర వేసి దాని వెంట నడిపించండి. చీలిక అంచుకి పరుగెడుతుంటే మాట ఒక్కటే: ఆగు. విస్కో (ముందు గదిని నింపే చిక్కటి జెల్) నింపించి, మడతపడ్డ ఫ్లాప్‌ని విప్పి పరిపించి, వచ్చిన దారి వైపు వెనక్కి, ఆపైన మధ్యకి లాగించడం. లిటిల్ పద్ధతి అని చెప్పుకునేది ఇదే. మేకకన్నులో దీన్ని కావాలని పరుగెత్తించి మరీ సాధన చేయించవచ్చు, ఆ సదుపాయం మనిషి కంట్లో ఉండదు.

కుట్లు రిమోట్‌లో హాయిగా నడుస్తాయి, పైన చెప్పిన పిక్సెళ్ళ లెక్క పాటిస్తే. ముడికి మొదట మూడు చుట్లు, తర్వాత ఒకటి, ఒకటి. ముడి బిగుసుకుపోయాక కాకుండా మొదటి మూడు చుట్లు పడగానే ఆపించి, గాటు అంచులు కలిశాయా, ముడత పడిందా చూడాలి.

న్యూక్లియస్ బయటికి తీయడం మాత్రం దూరం నుంచి నేర్పలేం. మేక లెన్స్ మెత్తగా ఉంటుంది, మనవాళ్ళ గోధుమరంగు గట్టి శుక్లానికి దానికి పోలికే లేదు. వెక్టిస్ (న్యూక్లియస్‌ని బయటికి తీసే గరిటె లాంటి పరికరం) కింద ఎంత బరువు పడింది, టనెల్ అడుగుపెదవిని ఎంత నొక్కితే నోరు తెరుచుకుంది అన్నవి వేళ్ళకి తెలియాలి, తెరకి తెలియవు. "ఇంకొంచెం నొక్కు" అన్న మాటలో కొంచెం ఎంత? వీడియో ఎంత బాగున్నా దీనికి జవాబు లేదు. ఆ అడుగు కోసం పక్కన మనిషి ఉండాల్సిందే.

ఆ పక్కమనిషి సంగతి విడిగా చెప్పాలి. సీనియర్ పీజీ కావచ్చు, ఓటీ టెక్నీషియన్ కావచ్చు. కార్నియా తడపడం, విస్కో అందించడం, చేతుల కెమెరా సర్దడం, మేడమ్ మాట సరిగా వినపడకపోతే తిరిగి చెప్పడం, అవసరమైతే మణికట్టు పట్టుకుని ఆపడం అతని పని. ఈ మనిషి లేకుండా "పూర్తి రిమోట్" అని ప్రకటించే కోర్సుల మీద మాకు నమ్మకం లేదు. ఒలింపిక్స్ (OLIMPICS, ఆటలు కాదు, శుక్లం శిక్షణ మీద చేసినది) అధ్యయనాన్ని చూపించి కోర్సు అమ్మేవాళ్ళు కనపడితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వే పీజీలతో చేసి 2021లో అచ్చయిన ఆ అధ్యయనంలో, మోడల్ కళ్ళమీద ముందే గట్టిగా సాధన చేసినవాళ్ళు తర్వాత స్పష్టంగా మెరుగ్గా చేశారు. కానీ అది ఎదురెదురుగా కూర్చోబెట్టి నేర్పిన కోర్సు. సాధనకి సాక్ష్యం అది, జూమ్‌కి కాదు.

మార్కుల దగ్గర రిమోట్‌కి నిజమైన లాభముంది. అంతర్జాతీయ నేత్రవైద్య మండలి (ఐసీఓ) తయారుచేసిన ఆస్కార్ అనే పట్టికలో ఎస్ఐసీఎస్ ఆపరేషన్ని అంశాలవారీగా విడదీసి, ఒక్కోదానికి 2 నుంచి 5 దాకా మార్కులు, ఏ మార్కుకి చేయి ఎలా ఉండాలో వర్ణనతో సహా ఇస్తారు. "పర్లేదు", "బాగా చేశావు" అనే ఓటీ గొణుగుడికంటే ఇది ఎంతో నయం. రికార్డింగ్‌ని ఇద్దరు విడివిడిగా చూసి వేయాలి, వేసేవాళ్ళకి పీజీ పేరు తెలియకూడదు. ఫైలు పేరులో తేదీ, నంబరు చాలు. ఇద్దరి మధ్య రెండు మార్కుల తేడా వచ్చిన చోటే అసలు పాఠం దొరుకుతుంది, ఆ పది సెకన్లే మళ్ళీ వేసి చూడాలి.

సిమ్యులేటర్ల గురించి రెండు మాటలు. హెల్ప్‌మీసీ సిమ్యులేటర్ ఎస్ఐసీఎస్ కోసం చేసింది, చేతికి ఒత్తిడి కూడా తగిలిస్తుంది. దాని వెనకున్న అల్ యూల్చి పైలట్లకి శిక్షణ ఇచ్చే ఫ్లైట్‌సేఫ్టీని 1951లో స్థాపించినవాడు, ఆర్బిస్‌తోనూ దగ్గరి సంబంధం ఉన్నవాడు. విమానాల నుంచి కళ్ళకి దారి అలా పడింది. ఫేకోకి (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని కరిగించి తీసే పద్ధతి) ఐసీ (Eyesi) సిమ్యులేటర్ ఉంది. బ్రిటన్ జాతీయ రికార్డుల్లో మొదటి రెండేళ్ళ ట్రైనీల చేతిలో లెన్స్ వెనక పొర చిరిగే రేటు 2009లో 4.2 శాతం ఉండగా, ఈ సిమ్యులేటర్లు విస్తరించాక 2015 నాటికి 2.6కి వచ్చింది. తగ్గుదలంతా యంత్రం పుణ్యమేనని అనలేం గానీ కొట్టిపారేయలేం కూడా. రెండూ ఖరీదైనవే, వాటి దగ్గరికి పీజీ వెళ్ళాలి గానీ అవి ప్రతి మెడికల్ కాలేజీకీ రావు. వెళ్ళే అవకాశం వస్తే న్యూక్లియస్ తీసే దశ కోసం వాడుకోండి, టనెల్ కోసం ఆ సమయం ఖర్చు చేయకండి. టనెల్ మేకకన్ను మీద నేర్చుకోవచ్చు.

నిజమైన రోగి మీద చేస్తుండగా అవతలినుంచి సలహా ఇచ్చే ఏర్పాటుకి మేం ఒక్క షరతు మీదే ఒప్పుకుంటాం. గదిలో స్క్రబ్ అయిన (ఆపరేషన్‌కి చేతులు కడిగి సిద్ధంగా ఉన్న) కన్సల్టెంట్ ఉండాలి, నిర్ణయం ఆయనదే కావాలి. 2020 మార్చిలో వచ్చిన మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరం నుంచి సర్జరీ చేయడాన్ని తమ పరిధిలో పెట్టుకోలేదు. వీడియో తీస్తున్నామని, అవతల ఎవరు చూస్తారో కూడా చెప్పి, రోగి సంతకం ఆపరేషన్ అంగీకారపత్రంతో కలపకుండా విడిగా తీసుకోవాలి.

చివరగా నెట్ తెగిపోవడం. తెగుతుంది, అదీ బ్లేడు లోపలున్నప్పుడే. పదవ సెకను దాకా అవతలి గొంతు రాకపోతే పీజీ ఉన్నచోట ఆగి, వచ్చిన దారినే బ్లేడు బయటికి తీసి, కన్ను మీద తడిగుడ్డ కప్పాలి. "హలో, వినపడుతోందా సార్" అంటూ ఒక చేత్తో ల్యాప్‌టాప్ కెలకడం, ఇంకో చేత్తో బ్లేడు పట్టుకుని ఉండడం కుదరదు. ల్యాప్‌టాప్ పక్కమనిషిది. ఓబీఎస్ రికార్డింగ్ మాత్రం నెట్‌తో సంబంధం లేకుండా హార్డ్ డిస్క్ మీదికి పోతూనే ఉండాలి, సెషన్ మొదట్లోనే ఆ బటన్ నొక్కారా అని ఇద్దరు చూసుకోవాలి. లైన్ తిరిగొచ్చాక మొదటి పని కొత్త అడుగు వేయడం కాదు, ఆఖరి ముప్ఫై సెకన్ల రికార్డింగ్ వేసి, మేడమ్ చూడలేకపోయిన ఆ కాసేపట్లో బ్లేడు ఎక్కడ ఆగిందో చూపించడం.